రుచి చూడటం తాగడం కాదా?



పోయిన సంక్రాంతికి సామర్లకోటలో మా వదినగారింట్లో జరిగిన ఒక చిన్న సంగతి చెప్పి, దాని మీద మీతో కాసేపు మాట్లాడాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. విషయం పంచశీలలో అయిదో శీలం. ఈ శీలం గురించి రాసేటప్పుడు మనం మామూలుగా తాగి ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్ళ కథలే చెబుతాం. అవన్నీ నిజాలే. కాకపోతే, ఎప్పుడో పండక్కీ పబ్బానికీ ఒక గుక్క పుచ్చుకునే మనిషి అవి చదివి, "పాపం వాళ్ళు" అనుకుని పక్కన పెట్టేస్తాడు. అది తన గురించి అనుకోడు. నేను ఇక్కడ చెప్పేది ఆ ఒక్క గుక్క గురించే.

మా అన్నయ్య కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. కంపెనీ పని మీద బ్రసెల్స్ వెళ్ళి వస్తూ రెండు చిన్న సీసాలు తెచ్చాడు. బెల్జియం వాళ్ళ స్ట్రాంగ్ ఏల్. అంటే ఘాటు బీరు. అందులోనూ చెర్రీ పండ్లు వేసి చేసింది. భోగి నాటి రాత్రి మేడ మీద మేమిద్దరమే కూర్చున్నాం. గ్లాసు కాస్త వంచి, మెల్లగా పోశాడు. దానిమ్మ గింజ రంగు, పైన లేత గులాబీ నురగ.

"బాబాయ్, ఇది తాగుడు కాదు. టేస్టింగ్. ముందు రంగు చూడాలి. తర్వాత వాసన. తర్వాత ఒక్క గుక్క నోట్లో నిలిపి, ముందు ఏం తెలుస్తోంది, మింగాక ఏం మిగులుతోంది, అది గమనించాలి. మీరు ధ్యానంలో చెప్పేది ఇదేగా?" అన్నాడు.

వాడు వెటకారానికి అనలేదండి. నిజంగానే అడిగాడు. అందుకే నాకు చప్పున జవాబు తోచలేదు.

నేను పంచశీల తీసుకుని ఇరవయ్యేళ్ళు దాటింది. అంతకు ముందు పొలాల గట్ల మీద తాటాకు దొన్నెలో కల్లు తాగినవాణ్ణే. మీకు అబద్ధం చెబితే నాలుగో శీలం కూడా పోతుంది కాబట్టి చెబుతున్నాను: ఆ రాత్రి నేను ఆ గ్లాసు తీసుకుని ఒక గుక్క నోట్లో పోసుకున్నాను.

బాగుంది. బాగోలేదని రాస్తే ఈ వ్యాసానికి తేలికయ్యేది. ముందు పులుపూ తీపీ కలిసిన పండు రుచి తగిలింది. దాని వెనక కాస్త మాడిన బెల్లం లాంటిదేదో, లవంగం ఛాయ ఒకటి. మింగాక గొంతులో సన్నటి వెచ్చదనం. సారా మండినట్టు మండలేదు, కల్లు పులిసిన వాసన రాలేదు. మాట్లాడుతూనే ఉన్నాం, నా చెయ్యి రెండోసారి గ్లాసు మీదకి పోయింది. తాగుదామని నేను అనుకోలేదు. చెయ్యి పోయింది. అది చూసి ఆగాను.

ఈ చెయ్యి సంగతి దగ్గరకి మళ్ళీ వస్తాను. ముందు శీలం ఏం చెబుతుందో చూద్దాం.

ఈ శీలంలో మత్తు పదార్థాలకి పాళీలో వాడే మాటలు సుర, మేరయ, మజ్జ. మనలో చాలామంది వీటిని ఒకటే అనుకుని గడగడా చదివేస్తాం. వినయ పిటకంలో భిక్ఖువులకి పెట్టిన నియమం దగ్గర వీటికి అర్థం విడమర్చి చెప్పారు. సురలు అయిదు రకాలు. పిండితో చేసింది, అప్పాలతో చేసింది, అన్నంతో చేసింది, పులియబెట్టే ముద్ద వేసి చేసింది, సంభారాలు కలిపి చేసింది. మేరయాలూ అయిదే. పువ్వులతో, పండ్లతో, తేనెతో, బెల్లంతో పులియబెట్టిన ఆసవాలు, మళ్ళీ సంభారాలు కలిపింది. ఇప్పుడు మావాడి సీసా చూడండి. అడుగున ఉన్నది బార్లీ మొలకల మాల్ట్, అంటే గింజ. దాన్ని పులియబెట్టేది ఈస్ట్. బెల్జియం ఘాటు బీర్లలో కాండీ షుగర్ అనే పంచదార వేస్తారు. అది పూర్తిగా పులిసిపోతుంది కాబట్టి బీరు చిక్కబడకుండానే ఆల్కహాలు పెరుగుతుంది. ఆ పైన పండ్లు. కొన్నిట్లో ధనియాలు, నారింజ తొక్క కూడా వేస్తారు. అంటే గింజ, ముద్ద, తీపి, పండు, సంభారం, అన్నీ ఒక్క సీసాలో ఉన్నాయి. ఇది కొత్త రకం, దీని గురించి బుద్ధుడు చెప్పలేదు అనడానికి వీల్లేదు. ఆనాటి జాబితా మొత్తం ఇందులోనే ఉంది!

ఈ నియమం ఎలా వచ్చిందో తెలిస్తే ఇంకో సంగతి బోధపడుతుంది. సాగతుడనే భిక్ఖువు చేతి దేశంలో అంబతిత్థం అనే చోట ఒక విషనాగాన్ని తన శక్తితో లొంగదీశాడు. ఆ కీర్తి కోసంబి దాకా పాకింది. కోసంబి ఉపాసకులు ఆయనకి అరుదైనదీ, ఇష్టమైనదీ ఏదైనా ఇవ్వాలనుకున్నారు. కొందరు టక్కరి భిక్ఖువుల సలహా మీద ఇంటింటా కాపోతిక అనే మద్యం సిద్ధం చేశారు. పావురం కాళ్ళ రంగులో తేటగా ఉండేదని దానికి ఆ పేరట. ఆయన ఇంటింటా పుచ్చుకుని నగర ద్వారం దగ్గర పడిపోయాడు. భిక్ఖువులు మోసుకొచ్చి, తల బుద్ధుడి వైపు ఉండేలా పడుకోబెట్టారు. ఆయన మత్తులో దొర్లి కాళ్ళు బుద్ధుడి వైపు పెట్టాడు. అప్పుడు బుద్ధుడు అడిగిన ప్రశ్నలు రెండు మూడే. ఇతను ఇంతకు ముందు మర్యాద ఉన్నవాడు కాదా? ఇప్పుడు ఉందా? నాగాన్ని గెలిచినవాడు ఇప్పుడు నీటిపామునైనా గెలవగలడా?

నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేవి రెండు. ఆయనకి పోసినది నాసిరకం సరుకు కాదు. ఊళ్ళో అన్నిటికంటే మేలైనది, భక్తితో ఇచ్చినది. ఇక పడిపోయినవాడు బలహీనుడు కాదు, నాగాన్ని గెలిచినవాడు. "నాకు అదుపుంది, నేను పాడవను" అనడానికి ఆయన కంటే అర్హత ఎవరికుంది చెప్పండి?

ఆ తర్వాత భిక్ఖువులకి పెట్టిన నియమం ఎంత గట్టిదంటే, గడ్డి పరక మొన తడిసేంత తాగినా తప్పే. మనం గృహస్థులం, మనకి అంత కొలత లేదు. మనది సిక్ఖాపదం, అంటే నేర్చుకునే మెట్టు. తప్పితే ఎవరూ శిక్షించరు. తప్పాం అని తెలుసుకుని మళ్ళీ తీసుకుంటాం. నేనూ అదే చేశాను.

మీలో వినయం చదివినవాళ్ళు ఉంటే ఒక అభ్యంతరం చెప్పవచ్చు. వాతం నెప్పులకి కాచే నూనెలో కాస్త మద్యం కలపడానికి బుద్ధుడు ఒప్పుకున్నాడు కదా, మద్యం రంగూ వాసనా రుచీ తెలియకుండా ఉంటే చాలన్నాడు కదా అని. నిజమే. కానీ అక్కడ వాసన తెలియకపోవడానికి కారణం మద్యం కొంచెమే ఉండటం. మా మేడ మీది సీసాలో వాసన తెలియకపోవడానికి కారణం పండు. లెక్క వేసి చూడండి. సీసా 330 మిల్లీలీటర్లు, లేబుల్ మీద 8 శాతం అని ఉంది. అంటే అసలు ఆల్కహాలు 26 మిల్లీలీటర్ల పైమాటే. మన దగ్గర విస్కీ 42.8 శాతం ఉంటుంది. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులు రెండు కలిపినా 26 లోపే. చెర్రీ పండ్ల రసంలా దిగిపోయే ఆ చిన్న సీసా రెండు పెగ్గుల విస్కీ అన్నమాట. దీనికి తిరగేసిన సంగతి కూడా వినయంలోనే ఉంది. మద్యం కానిది, కానీ రంగూ వాసనా రుచీ మద్యంలా ఉన్నది తాగితే తప్పు లేదు. చూశారా, బుద్ధుడికి రుచితో గొడవ లేదు. మామిడి, నేరేడు, అరటి, ఇప్ప, ద్రాక్ష పండ్ల పానీయాలు తాగమనే చెప్పాడు.

మరి పులిసీ పులియనిది? ఈ ప్రశ్న మన గోదావరి జిల్లాల వాళ్ళకి బాగా తెలుసు. లొట్టికి లోపల సున్నం పూసి చెట్టుకి కడితే తెల్లారేసరికి తియ్యటి నీరా దిగుతుంది. సున్నం లేకపోతే చెట్టు మీదే పులియడం మొదలవుతుంది, ఎండెక్కేసరికి అది కల్లు. ఏ నిమిషాన నీరా కల్లయ్యిందో ఎవరు చెప్పగలరు? బుద్ధుడి పరినిర్వాణం తర్వాత దాదాపు నూరేళ్ళకి వేసాలిలో జరిగిన రెండో సంగీతిలో సరిగ్గా ఇదే తగువు వచ్చింది. వజ్జి భిక్ఖువులు పెట్టిన పది సడలింపుల్లో ఒకటి జలోగి, అంటే ఇంకా మత్తు స్థితికి రాని సుర తాగవచ్చనేది. అది లేత కల్లేనని అర్థం చెప్పినవాళ్ళూ ఉన్నారు. యస థేరుడు అడ్డుపడ్డాడు. ఏడువందల మంది థేరులు కూడి ఆ పదీ చెల్లవన్నారు. ఇంత చిన్న విషయానికి అంత పెద్ద సభా అనిపించేది నాకు. ఇప్పుడు అనిపించదు. గీత ఎక్కడ గియ్యాలో తెలియని చోట మనిషి ఎప్పుడూ తనకి అనుకూలంగానే గీస్తాడు. "ఇంకా పులియలేదులే" అన్నదీ, "ఇది తాగుడు కాదు, టేస్టింగ్" అన్నదీ ఒకే ఇంటి మాటలు.

మా సామర్లకోటలో పందొమ్మిదో శతాబ్దం చివర్లో వెలసిన పంచదార ఫ్యాక్టరీ పాత పేరు డెక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ. అబ్కారీ అంటే సారా వ్యవహారం. చిన్నప్పుడు ఆ పేరు విని పంచదారకీ సారాకీ ఏం సంబంధమా అనుకునేవాణ్ణి. తీపి ఉన్నచోట ఈస్ట్ పడితే రెండోది తయారు. అంతే సంబంధం. ఇక్కడికి దగ్గర్లోనే, పిఠాపురం దాటాక గొల్లప్రోలు పక్కన కొడవలి ఉంది. కొండ మీద బౌద్ధ స్తూపం ఆనవాళ్ళు, శాతవాహన రాజు చండసాతి పేరున్న బ్రాహ్మీ శాసనం ఉన్నాయి. అక్కడ శీలం తీసుకున్న ఉపాసకుల ఊళ్ళ చుట్టూ కూడా ఈ తాడిచెట్లే ఉండి ఉంటాయి. వాళ్ళకీ పొద్దున్నే ఇదే ప్రశ్న వచ్చి ఉంటుంది.

సరే, మేడ మీదకి వెళదాం. నేను గ్లాసు పక్కన పెట్టేశాక మావాడితో ఒక మాట అన్నాను. అనకుండా ఉండాల్సిందేమో.

"మీ నాన్న సారా ప్యాకెట్ మూల కొరికి తాగితే ఊరంతా తాగుబోతు అన్నారు. నువ్వు గ్లాసు వంచి పోస్తే టేస్టింగ్ అయ్యిందా?"

వాడి ముఖం మారిపోయింది. మా అన్నయ్య రైసు మిల్లులో కలాసీ. రోజంతా బస్తాలు మోసేవాడు. 1992లో పోయాడు, లివరు పాడై. అప్పుడే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచారు. ఆ మరుసటి ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బంద్ అయ్యింది. మా వదినకి అది ఏడాది ఆలస్యం. 1995లో మొత్తం మద్యమే నిషేధించారు, 1997లో సడలించారు. ఆ రాజకీయం ఇక్కడ వద్దు.

వాడు కాసేపాగి అన్నాడు: "నాన్నది వేరు బాబాయ్. నాన్న రుచి కోసం తాగలేదు. ఒళ్ళు నెప్పులకి తాగాడు."

నిజం చెబుతున్నాను, నా దగ్గర దీనికి జవాబు లేకపోయింది. ఆలోచించిన కొద్దీ అది నా వాదానికే బలం అనిపిస్తోంది, వాడు ఆ ఉద్దేశంతో అనకపోయినా. బస్తా కింద నలిగిన నడుముతో తాగినవాణ్ణి తప్పు పట్టడానికి లోకానికి నోరు బాగా వచ్చింది. ఏ నెప్పీ లేకుండా తాగేదానికి మాత్రం మంచి పేర్లు దొరికాయి. బెల్జియం బీరు సంస్కృతిని 2016లో యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. వెస్ట్‌మాల్, షిమే లాంటి చోట్ల క్రైస్తవ మఠాలలోనే ఘాటు బీరు కాచే సంప్రదాయం ఉంది. అది వాళ్ళ ధర్మం, దాన్ని నేను ఎంచను. కానీ మన శీలానికి ఒకటే కొలకర్ర. పమాదట్ఠానం, అంటే ఏమరుపాటుకి తావిచ్చేది అవునా కాదా అన్నదే చూస్తుంది. ప్యాకెట్ ధర, సీసా ధర అడగదు. దొన్నెనా, కాళ్ళున్న గాజు గ్లాసా అని అడగదు.

ఇప్పుడు మావాడి అసలు ప్రశ్న. శ్రద్ధగా రుచి చూడటం సతి కాదా?

శ్రద్ధ ఉందనే ఒప్పుకుంటాను. మనం అన్నం తినేటప్పుడు ఆ మాత్రం శ్రద్ధ పెట్టం. పచ్చడి నాలుక మీద పడిందో లేదో చూడకుండా ఫోను చూస్తూ మింగేస్తాం. ఆ విషయంలో ఆ బీరు రుచి చూసేవాళ్ళ దగ్గర మనం నేర్చుకోవలసిందే. కానీ తేడా ఒకటుంది. కొత్తపల్లి కొబ్బరి మామిడి ముక్క ఎంత శ్రద్ధగా తిన్నా, పదో ముక్క తినేటప్పుడు తినేవాడి చూపు మొదటి ముక్కప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. పొట్ట నిండుతుంది, అంతే. ఈ సీసాలోది అలా కాదు. ప్రతి గుక్కా చూసేవాడి కంటి మీదే ఒక పొర కప్పుతుంది. మొదటి గుక్కని బాగా చూసినవాడు, మూడో గుక్క దగ్గరికి వచ్చేసరికి అలాగే చూస్తున్నానని అనుకుంటూ ఉంటాడు. తక్కెడలో సరుకు పెడుతున్నాం, ఆ సరుకే తక్కెడ ముల్లుని వంచేస్తోంది. ఇక తూకం ఎవరు చెబుతారు? అందుకే కాబోలు, వృత్తిగా రుచి చూసే వాళ్ళలో కొందరు పుక్కిలించి ఉమ్మేస్తారు. వాళ్ళకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు.

నా చెయ్యి సంగతి ఇక్కడికి వస్తుంది. ఫస్స వల్ల వేదన, వేదన వల్ల తణ్హా అని మనం వల్లిస్తాం కదా. స్పర్శ, అనుభూతి, తృష్ణ. ఆ రాత్రి నేను దాన్ని పుస్తకంలో కాదు, నా అయిదు వేళ్ళలో చూశాను. రుచి తగిలింది, బాగుంది, చెయ్యి కదిలింది. మూడూ వరసగా, మధ్యలో నన్నెవరూ అడగలేదు. మొదటి గుక్కే కాబట్టి చూడగలిగాను. నాలుగో గుక్క తర్వాత చెయ్యి కదిలితే చూసేవాడు ఇంట్లో ఉండేవాడా? ధ్యానంలో మనం ఏళ్ళ తరబడి కష్టపడి సంపాదించుకునేది ఆ చూసేవాణ్ణే కదా. వాణ్ణి తీసుకెళ్ళి ఒక గ్లాసు రుచి కోసం తాకట్టు పెట్టడం నాకు గిట్టుబాటు బేరంలా కనిపించలేదు.

ఇంకో ముక్క. బెల్జియంలో పేరున్న ఒక బీరు పేరు డెలీరియం ట్రెమెన్స్. సీసా మీద గులాబీ రంగు ఏనుగు బొమ్మ ఉంటుంది. చెర్రీ రకం కూడా ఉంది, అది డెలీరియం రెడ్. ఆ మొదటి పేరు ఏమిటో తెలుసా? ఏళ్ళ తరబడి తాగినవాడు ఒక్కసారి ఆపేస్తే చేతులు వణికి, లేనివి కనిపించి, ఒక్కోసారి ప్రాణం మీదకి వచ్చే జబ్బు పేరు. వాళ్ళది హాస్యం. మా అన్నయ్య ఆస్పత్రి మంచం మీద గోడ వైపు చూపించి చీమలు, చీమలు అని దులుపుకున్న రాత్రి మా వదిన పక్కనే ఉంది. ఆ పేరుకి అర్థం మావాడికి ఆ రోజు దాకా తెలియదు. ఏనుగు అంటే గుర్తొచ్చింది. దేవదత్తుడు బుద్ధుడి మీదకి ఉసిగొల్పిన నాళాగిరికి ముందు పదహారు కుండల కల్లు పోయించారని జాతక కథ చెబుతుంది. ఆ ఏనుగు లొంగిపోయే దృశ్యం చెక్కిన అమరావతి శిల్పం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. వీలైతే చూడండి. ఒకే ఫలకంలో అటు వీధిలో జనం హడలిపోవడం, ఇటు అదే ఏనుగు మోకరిల్లడం.

మర్నాడు పొద్దున మా వదిన ఆ గ్లాసులు తోముతోంది. నేను పెరట్లో పళ్ళు తోముకుంటున్నాను. ఒక గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది.

"ఇందులో ఆ వాసన లేదేంటండీ మరిదిగారూ?" అంది.

"పండ్లు వేస్తారంట వదినా."

"మీ అన్నయ్య వీధి మలుపు తిరిగేసరికే నాకు తెలిసిపోయేదండి. గబగబా పిల్లల్ని వెనక గదిలోకి పంపేసేదాన్ని. అన్నం గిన్నె అటకెక్కించేసేదాన్ని. ఆ వాసనే నన్ను కాపాడేది. ఇదేమో పిల్లలు తాగే రసంలా ఉంది. ఇలాగైతే ఇంట్లో ఆడదానికి ఎప్పటికి తెలుస్తుందండీ?"

ఆవిడ ఏ సుత్తం చదవలేదు. శీలం అనే మాట కూడా మా ఇంట్లో వినడమే. నేను మేడ మీద అంత వాదం చేశాను కానీ, ఈ ముక్క నాకు తట్టలేదు. మండే గొంతు, కంపు కొట్టే నోరు, ఇవి మనిషికీ ఇంటికీ ముందు వచ్చే హెచ్చరికలు. ఆ నేర్పరితనమంతా, ఆ పండ్లూ ఆ పంచదారా కలిపే చాతుర్యమంతా, ఆ హెచ్చరికని ఒక్కొక్కటిగా తీసేసింది. లోపలున్నది తియ్యలేదు.

మావాడు గుమ్మంలో నిలబడి విన్నాడు. ఏమీ అనలేదు. కనుమ నాడు బెంగళూరు రైలెక్కాడు, రెండో సీసా మూత తియ్యకుండా వదిలేసి. మరిచిపోయాడో, కావాలనే వదిలాడో నాకు తెలియదు. నేను అడగలేదు.

అది ఇంకా మా వదిన బీరువాలో, చీరల వెనక ఉంది. మొన్న ఫోన్ చేసి, పారబోసేయమంటారా అని అడిగింది. వాడి వస్తువు కదా వదినా, వాడినే అడగండి అన్నాను.